రెండు గంటల స్పీచ్ కాదు, ఏడాదంతా ఉండే సార్ కావాలి



పోయిన నెల మా హాస్టల్‌కి ఒక సార్ వచ్చిన్రు. ఒక కంపెనీలో పదిహేనేళ్లు మార్కెటింగ్ చేసి, ఆ ఉద్యోగం వదిలి ఇప్పుడు లీడర్‌షిప్ కోచ్ అయ్యారట. రెండు గంటలు మాట్లాడిన్రు. "నేను చేయగలను" అని మాతో గట్టిగా అనిపించిన్రు, చప్పట్లు కొట్టించిన్రు, ఫొటో దిగి పోయిన్రు. తెల్లారి క్లాసులో లెక్చరర్ ఇంగ్లిష్‌లో ప్రశ్న అడిగితే మా నోళ్లు ఎప్పటిలాగే మూతపడ్డయి.

ఆ సార్‌ని తప్పు పట్టడానికి ఇది రాయడం లేదు. మంచి జీతం వదిలి చదువు చెప్పడానికి రావడం చిన్న విషయం కాదు. కానీ ఆయన తనకు బాగా తెలిసింది మాకు చెప్పనే లేదు. మహబూబాబాద్ తండాల నుంచి మన నాయన మిర్చి బస్తాలు ఎనుమాముల మార్కెట్‌కు తీసుకుపోయి, అక్కడ చెప్పిన రేటుకు తలూపి వస్తడు. భూపాలపల్లి గూడేల్లో ఇప్పపువ్వు, తేనె ఏరిన అమ్మకు కూడా అంతే. రేటు ఎట్ల అడగాలి, ఎక్కడ ఆగాలి, ఎవరితో ఎట్ల మాట్లాడాలి? మార్కెటింగ్ చేసినోళ్లకు తెలిసిన విద్య ఇదే గదా! మాకు కావాల్సిన లీడర్‌షిప్ కూడా అక్కడే మొదలైతది.

ఉద్యోగం మార్చుకుని చదువు వైపు వచ్చినోళ్లలో మనకు బాగా తెలిసిన పేరు ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్. ఆయనది మార్కెటింగ్ కాదు, పోలీసు శాఖ. 2012లో సాంఘిక సంక్షేమ గురుకులాల కార్యదర్శిగా వచ్చి 2021 దాకా ఉన్నారు. ఆ తర్వాతి ఆయన రాజకీయాలతో ఎవరికైనా పేచీ ఉండొచ్చు, అది వేరే ముచ్చట. ఆయన ఉన్న కాలంలోనే నిజామాబాద్ జిల్లా పాకాల బిడ్డ మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన్రు. అప్పటికి పూర్ణకు పదమూడేళ్లు.

ఆమె స్పీచ్ విని ఎక్కలేదు. ముందు భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకుంది. జనగామ నుంచి హైదరాబాద్ రైలెక్కితే మనకు రోజూ కనబడే గుట్టే అది. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లడక్ చలి. నెలల తరబడి శేఖర్‌బాబు లాంటి కోచ్‌లు పక్కనే ఉన్నరు. కోచింగ్ అంటే మా లెక్కలో అదీ.

అందుకే కెరీర్ మార్చుకుని మా దగ్గరికి వచ్చే సార్లకు, మేడమ్‌లకు ఒక్కటే మాట. ఒక్కరోజు వెయ్యి మందితో మాట్లాడే బదులు, ఒక్క హాస్టల్‌ను ఎంచుకుని వారానికి ఒకసారి, ఏడాది పాటు రండి. మా తప్పుల ఇంగ్లిష్ వినండి. మాతో పాటు మార్కెట్ యార్డుకు రండి.

మనకు కూడా ఒక మాట. డిగ్రీ దాకా వచ్చిన మనం ఆదివారం ఒక గంట పదో తరగతి తమ్ముళ్లు, చెల్లెళ్ల పక్కన కూర్చోలేమా? బయటి నుంచి కోచ్ వచ్చేదాకా ఎందుకు ఆగాలి? మీ హాస్టల్లో ఎవరు మొదలుపెడతరో చెప్పండి. మేము ఈ ఆదివారమే మొదలుపెడుతున్నం.