బక్క గుంటడికి సుగరేటి?



"ఇంత బక్క గుంటడికి సుగరేటి?" పాతపట్నం, మెళియాపుట్టి కొండ ఊళ్లలో ఈ మాట మనం విన్నదే. షుగర్ అంటే తిని కూర్చునేవాళ్ల జబ్బని మనవాళ్లూ అనుకుంటారు, కొంతమంది డాక్టర్లూ అలాగే చూస్తారు. పిల్లాడు చెంబులకి చెంబులు నీళ్లు తాగుతాడు, రాత్రి పక్క తడుపుతాడు, కొన్ని వారాల్లోనే చిక్కిపోతాడు. వాంతులు, ఆయాసం మొదలయ్యాక మలేరియా పరీక్ష చేస్తారు. వేలి మీద ఇంకో చుక్క తీసి గ్లూకోమీటర్‌లో పెడితే నిమిషం పట్టదు. అది చేయక పిల్లాడు పోతే జ్వరం ఖాతాలోకి పోతాడు.

ఇన్సులిన్ మొదట ఎక్కించిందే ఒక పిల్లాడికి. 1922 జనవరిలో, టొరంటోలో, 14 ఏళ్ల లియొనార్డ్ థాంప్సన్‌కి. కనిపెట్టినవాళ్లు ఒక్కో డాలర్ తీసుకుని పేటెంట్‌ని యూనివర్సిటీకి ఇచ్చేశారు. వందేళ్లు దాటింది. కొండ మీద కరెంటు పోతే ఆ సీసా ఎక్కడ దాచాలో మన తల్లులకి చెప్పే మనిషి ఇంకా రాలేదు. (తడి ఇసుకలో మట్టికుండ పెట్టి అందులో దాచొచ్చు. నలుగురికీ చెప్పండి.)

పరిశోధకులు పని చేయడం లేదని మేం అనం. 25 ఏళ్ల లోపు షుగర్ వచ్చినవాళ్ల వివరాలు నమోదు చేయడానికి ఐసీఎంఆర్ 2006లో రిజిస్ట్రీ మొదలుపెట్టింది. మంచిదే. కానీ అందులో పేరు ఎక్కాలంటే ఆస్పత్రి దాకా చేరాలి. దారిలోనే పోయిన పిల్లాడి పేరు ఎవరు రాస్తారు?

ఇంకోటి చూడండి. తిండి చాలక బక్కచిక్కిన ఒంటికి వచ్చే షుగర్ గురించి పక్కనున్న ఒడిశాలో, కటక్ డాక్టర్లు 1960లలోనే రాశారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో దానికి పేరు పెట్టి, 1999లో తీసేసింది. వెల్లూరు సీఎంసీ డాక్టర్లు, అమెరికా డాక్టర్లు కలిసి మళ్లీ పరీక్షలు చేసి చూపించాక, 2025 ఏప్రిల్‌లో అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య దాన్ని 'టైప్ 5' అంది. ఆకలి ఉన్నచోటే ఉన్నా, జబ్బుకి పేరు రావడానికి ఇన్నేళ్లు! ఇది పేరు గొడవ కాదు. టైప్ 1 అనుకుని ఇన్సులిన్ ఎక్కువ ఇస్తే, పూట తిండి తప్పే ఇంట్లో చక్కెర పడిపోయి ప్రాణం మీదకి వస్తుంది. అలాగని టైప్ 1 పిల్లాడికి పసరు మందు నమ్మి ఒక్కరోజు ఇన్సులిన్ ఆపినా అంతే. ఏది ఏదో తేల్చే పరీక్ష మన దగ్గరికి రావాలా, వద్దా?

రోడ్డు లేదంటారు. ఓటు మెషీను ఎక్కిన కొండని గ్లూకోమీటర్ ఎక్కలేదా?

అయితే వచ్చేవాళ్లకి ముందే ఒక మాట. 2009లో ఖమ్మం జిల్లాలో పాత్ అనే అమెరికా సంస్థ హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు పెట్టినప్పుడు, హాస్టళ్లలో ఉన్న మన ఆడపిల్లల తరఫున వార్డెన్లు సంతకాలు పెట్టారు. 2013లో పార్లమెంటు కమిటీయే దాన్ని తప్పుపట్టింది. ఆశ్రమ పాఠశాలంటే వందలమంది పిల్లలు ఒకేచోట దొరుకుతారు, అమ్మానాన్నలు కొండ మీద ఉంటారు. సుళువు అనిపిస్తుంది. ఆ సుళువు మా దగ్గర కుదరదు. సవర ఇంటికి వెళ్లి సవర మాటల్లో చెప్పాలి. తల్లి వద్దంటే వద్దనే. రక్తం తీసినవాళ్లే ఫలితం తెచ్చి ఇంట్లో చెప్పాలి, జబ్బు బయటపడితే ఇన్సులిన్, స్ట్రిప్పులు ఆగకుండా చూడాలి. ప్రాజెక్టు అయిపోయిందని మూట కట్టుకుని వెళ్లిపోతే కుదరదు, ఆ పిల్లాడికి జబ్బు జీవితాంతం ఉంటుంది.

ఆశ్రమ పాఠశాలకి ఏఎన్ఎం కావాలని ఎన్నిసార్లు అడిగాం! ఇప్పుడు ఆమె చేతిలో గ్లూకోమీటర్ కూడా ఉండాలని అడుగుదాం.

మీ ఊళ్లో షుగర్ ఉన్న పిల్లలుంటే పేర్లు, ఫొటోలు గ్రూపులో పెట్టకండి. ఇంట్లోవాళ్లని అడిగి, ఒప్పుకుంటే ఊరు, వయసు మాత్రం అడ్మిన్లకి పంపండి. సీతంపేట ఐటీడీఏ పీవో గారికి ఇచ్చే వినతిపత్రంలో ఆ లెక్క రాస్తాం.