1955: బహుమతి వచ్చింది, చూపు రాలేదు

కేంద్ర సాహిత్య అకాడమీ 1955లో తొలిసారి బహుమతులిచ్చింది. తెలుగులో అది కావ్యానికో నవలకో కాక, సురవరం ప్రతాపరెడ్డిగారి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'కు దక్కింది. అప్పటికి ఆయన చనిపోయి రెండేళ్ళు. చరిత్ర సాహిత్యమెలా అవుతుందని సణిగే పండితులు నేటికీ ఉన్నారు. వారిని ఒక్కటే అడుగుతాను: క్రీడాభిరామాన్నీ, హంసవింశతినీ మీరు చదివిందెందుకు? అలంకారాలు లెక్కపెట్టడానికేనా? ఆ పద్యాల్లోనే రెడ్డిగారు మన పూర్వుల తిండీ బట్టా, ఆటా పాటా వెతికి పట్టుకున్నారు. రాజుల దండయాత్రలను పక్కకు నెట్టి జనం బ్రతుకును ముందుకు తెచ్చారు.

తెలుగు ఎమ్మే పట్టా పుచ్చుకొని, క్లాసులో ఛందస్సు అప్పజెప్పి, గంట కొట్టగానే లేచిపోయిన నేనూ ఈ తప్పులో భాగస్థుణ్ణే. కావ్యంలో ప్రజలను చూడడం నేర్పని పాఠం సాహిత్య పాఠం కాదు. బహుమతి ఆ పుస్తకానికి ఏనాడో వచ్చింది. దాని చూపే మన తరగతి గదులకు ఇంకా రాలేదు.