కుంగుతున్న వ్యాన్లు... తేలని నిబంధనలు

పాత మారుతీ వ్యాన్ల ఎత్తు తగ్గింపుపై పెరుగుతున్న మోజు
స్ప్రింగు కోతతో పొంచి ఉన్న ముప్పు
భవిష్యత్తులో ‘వింటేజ్’ హోదాకూ గండి

విజయవాడ: పాల క్యాన్లు, బడిపిల్లలు, టెంట్‌హౌస్ సామాను మోసి అలసిన మారుతీ వ్యాను ఇప్పుడు కొందరు యువకులకు అపురూప వస్తువుగా మారింది. 1984లో విపణిలోకి వచ్చి, 1988లో ఓమ్నీ అనే పేరు సంతరించుకుని, 2019లో ఉత్పత్తి నిలిచిపోయిన బండి ఇది. తెలుగు సినిమాల్లో కిడ్నాప్ సన్నివేశం ఉందంటే పక్కకు జరిగే తలుపున్న ఈ వ్యాను ఉండి తీరవలసిందే. పాత బండ్లను సేకరించి తుప్పు గీకించి, రంగు వేయించి, వెడల్పాటి చక్రాలు బిగించి, చివరిగా దాని ఎత్తును రెండు మూడు అంగుళాల మేర తగ్గించుకోవడం దక్షిణాది రాష్ట్రాల్లో ఒక అభిరుచిగా వ్యాపించింది. కేరళ, గోవాల్లో బలంగా ఉన్న ఈ మోజు కోస్తా పట్టణాలకూ పాకుతోంది. బండి నేలను అంటుకున్నట్లు కనిపించడమే ఇందులోని అందం. అయితే ఆ అందం వెనుక ఉన్న యంత్రశాస్త్రం, చట్టం రెండూ అంత సులభమైనవి కావు.

విచిత్రమేమంటే కోస్తా జిల్లాల వర్క్‌షాపులకు ఇంతకాలం తెలిసిన విద్య ఇందుకు పూర్తిగా వ్యతిరేకమైనది. బరువు ఎక్కువ మోయడానికి కమాన్ కట్టకు అదనంగా ఒకటో రెండో పట్టీలు చేర్చి బండిని పైకి లేపడం ఇక్కడి మెకానిక్‌లకు వెన్నతో పెట్టిన విద్య. లారీ బాడీల నిర్మాణానికి పేరొందిన విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో కమాన్ పనివారికి ప్రత్యేకంగా ఒక వృత్తే ఉంది. పరిమితికి మించిన బరువు కోసం పట్టీలు చేర్చడం కూడా తయారీదారు నిర్దేశించిన తీరుకు విరుద్ధమే. కానీ దానిని ఎవరూ వింతగా చూడరు. అదే పని తలకిందులుగా చేస్తే మాత్రం అందరి దృష్టీ పడుతోంది.

కోస్తే తగ్గేది ఎత్తు ఒక్కటే కాదు

ఓమ్నీ ముందు చక్రాలకు మెక్‌ఫర్సన్ స్ట్రట్ అమరిక, అంటే షాక్ అబ్జార్బర్ చుట్టూ చుట్టుకున్న కాయిల్ స్ప్రింగు ఉంటుంది. వెనుక ఇరుసుకు కమాన్ పట్టీలుంటాయి. ముందు, వెనుక అమరికలు వేర్వేరు కావడంతో ఎత్తు తగ్గించే పద్ధతులూ వేర్వేరుగా ఉంటాయి. చిక్కు మొదలయ్యేది ఇక్కడే.

ముందు భాగంలో ఖర్చు తక్కువని ఎక్కువ మంది ఎంచుకునే మార్గం కాయిల్‌లో ఒక చుట్టును కోసివేయడం. చుట్లు తగ్గితే స్ప్రింగు మెత్తబడుతుందని చాలామంది భావిస్తారు. వాస్తవం దానికి విరుద్ధం. స్ప్రింగు బిగువు పనిచేసే చుట్ల సంఖ్యకు విలోమానుపాతంలో ఉంటుంది. ఆరు చుట్లున్న స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలిన అయిదు చుట్ల స్ప్రింగు మునుపటి కంటే 20 శాతం గట్టిపడుతుంది. వెనుక భాగంలో జరిగేది ఇందుకు పూర్తి భిన్నం. సమానమైన నాలుగు పట్టీల కట్టలో ఒకదానిని తీసివేస్తే కట్ట బలం నాలుగో వంతు తగ్గుతుంది. మిగిలిన ఒక్కో పట్టీ మునుపటి కంటే మూడో వంతు అధిక భారం మోయాలి. అంటే ఒకే బండిలో ముందు భాగం గట్టిపడుతుంది, వెనుక భాగం మెత్తబడుతుంది. ఖాళీ బండిగా నిలబెట్టి ఫొటో తీసినప్పుడు సమంగా కనిపించే వ్యాను, వెనుక నలుగురు ఎక్కగానే తోక దించి ముక్కు ఎత్తుతుంది. దీంతో రాత్రివేళ హెడ్‌లైట్ల వెలుగు రోడ్డు మీద కాక ఎదురుగా వచ్చే ద్విచక్ర వాహనదారుని కళ్లలో పడుతుంది. ఈ ఒక్క అంశాన్ని బండి దించుకున్నవారిలో పట్టించుకునేవారు అరుదు.

కోయడం కంటే ప్రమాదకరమైనది వేడి చేయడం. స్ప్రింగును బండి నుంచి ఊడదీయకుండానే గ్యాస్ కట్టర్ మంటతో కాల్చి, అది ఎర్రబడి బండి బరువుకు తానే కుంగేలా చేయడం పాత అలవాటు. స్ప్రింగు ఉక్కుకు కర్మాగారంలో ఎంతో జాగ్రత్తగా పదును పెడతారు. మంట తగిలిన చోట ఆ పదును పోతుంది. ఒకచోట మెత్తబడి, పక్కనే పెళుసుగా మిగిలిన ఉక్కు ఎప్పుడు విరుగుతుందో చెప్పడం ఎంతటి పనివాడికైనా సాధ్యం కాదు. కొలిమి పని ఎరిగిన ఏ కమ్మరిని అడిగినా ఈ మాటే చెబుతాడు.

కోసిన స్ప్రింగుకు మరో లోపమూ ఉంది. చక్రం గోతిలోకి దిగినప్పుడు షాక్ అబ్జార్బర్ పూర్తిగా సాగుతుంది. స్ప్రింగు పొడవు తగ్గింది కానీ షాక్ అబ్జార్బర్ పొడవు తగ్గలేదు. ఆ క్షణంలో స్ప్రింగు వదులై తాను కూర్చునే కప్పు నుంచి పక్కకు జరగవచ్చు. చక్రం తిరిగి పైకి లేచేటప్పటికి అది సరైన చోట కూర్చోకపోతే స్టీరింగ్ ఒకవైపు లాగుతుంది. గోతులు లేని రోడ్డు మీద ఈ లోపం ఎప్పటికీ బయటపడదు. వర్షాకాలంలో మన జిల్లా రోడ్ల పరిస్థితి ప్రత్యేకంగా చెప్పనవసరం లేదు.

పొట్టి స్ప్రింగులతో పాటు వాటికి తగిన పొట్టి షాక్ అబ్జార్బర్లు వేయించడం, వెనుక పట్టీలు తీయకుండా వాటి వంపును కమాన్ షాపులో పద్ధతి ప్రకారం తగ్గించడం, ఇరుసు కమాన్ కట్టకు పైన ఉండే బండ్లలో రెండింటి మధ్య ఇనుప దిమ్మ పెట్టి పొడవాటి యూ బోల్టులతో బిగించడం మెరుగైన పద్ధతులు. ఏ పద్ధతి అనుసరించినా చక్రాల ఎలైన్‌మెంట్ మళ్లీ చూపించవలసిందే. లేకుంటే టైర్లు ఒకవైపే అరిగిపోతాయి. ఇవన్నీ చేయిస్తే కోతకయ్యే ఖర్చుకు ఎన్నో రెట్లవుతుంది. అందుకే కోత కొనసాగుతోంది.

ఎత్తు తగ్గించడంలో మేలే లేదనడం కూడా సరికాదు. ఓమ్నీ వెడల్పు 1,410 మిల్లీమీటర్లు, ఎత్తు 1,640 మిల్లీమీటర్లు. వెడల్పు కంటే ఎత్తు ఎక్కువైన బండి కావడంతో మలుపుల్లో ఒరుగుతుంది. జాతీయ రహదారిపై బస్సు దాటిపోతే ఆ గాలికే ఊగుతుంది. గరిమనాభి కిందకు దిగితే ఈ ఊగిసలాట తగ్గుతుందనే వాదనలో శాస్త్రం ఉంది. కాకపోతే ఆ మేలు పద్ధతి ప్రకారం చేసిన పనికే దక్కుతుంది.

స్పీడ్ బ్రేకర్ లెక్క

తయారీదారు లెక్క ప్రకారం ఓమ్నీ అడుగు భాగానికీ నేలకూ మధ్య ఖాళీ 165 మిల్లీమీటర్లు. మూడు అంగుళాలు దించితే మిగిలేది దాదాపు 90 మిల్లీమీటర్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు ఉండాలి. పైకి చూస్తే 9 సెంటీమీటర్ల ఖాళీ ఉన్న బండి 10 సెంటీమీటర్ల గుట్టను దాటలేదనిపిస్తుంది. లెక్క వేస్తే అలా తేలదు. ఓమ్నీ ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 1.84 మీటర్లు మాత్రమే. 3.7 మీటర్ల వెడల్పున్న గుట్టపైకి నాలుగు చక్రాలూ ఒకేసారి ఎక్కుతాయి. అప్పుడు చక్రాల మధ్య గుట్ట ఉబ్బు రెండున్నర సెంటీమీటర్లకు మించదు. కనుక ప్రమాణాల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్‌ను దించిన వ్యాను సైతం నెమ్మదిగా దాటగలదు.

అసలు సమస్య ప్రమాణాలు లేని గుట్టలతోనే. ఊరి మొదట్లో ఎవరికి వారు సిమెంటు పోసి, లేదా తారు ముద్దలు వేసి కట్టిన రెండడుగుల వెడల్పు గుట్టల మీద నాలుగు చక్రాలూ నిలిచే వీలు ఉండదు. గుట్ట ఎత్తంతా బండి పొట్టకే తగులుతుంది. అర అడుగు, అంటే 15 సెంటీమీటర్లు ఎత్తున్న అటువంటి గుట్టను మామూలు ఓమ్నీయే వేలెడు సందుతో దాటాలి. దించిన ఓమ్నీకి తగిలేది సైలెన్సర్ గొట్టం లేదా ముందు సీట్ల కింద ఉండే ఇంజిన్ ఆయిల్ చాంబర్. చాంబర్ పగిలి నూనె కారిపోయిన విషయం డ్రైవర్ గమనించేలోపే ఇంజిన్ పట్టుకుపోయే ప్రమాదం ఉంది.

చట్టం ఏం చెబుతోంది?

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నంగా మారేలా యజమాని బండిని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక వ్యాజ్యంలో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ సెక్షన్‌ను కఠినంగా అన్వయించి, అంతకుముందు కేరళ హైకోర్టు ఇచ్చిన వెసులుబాటును తోసిపుచ్చింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పునకు అయిదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించే వీలు కల్పించింది.

ఇంతవరకు స్పష్టంగానే ఉంది. అయితే ఆర్‌సీలో నేలకూ బండికీ మధ్య ఖాళీ ఎంత అన్న వివరమే నమోదు కాదు. చక్రాల మధ్య దూరం, ఖాళీ బరువు, సీట్ల సంఖ్య, రంగు ఉంటాయి. నమోదు కాని వివరం మారితే అది 52వ సెక్షన్ పరిధిలోకి వస్తుందా? ‘మౌలిక లక్షణం మారేలా నిర్మాణంలో చేసే మార్పు’ అనే చట్టంలోని వివరణ కిందకు స్ప్రింగు కోత వస్తుందా? ఈ ప్రశ్నలకు సూటి సమాధానం లేనందున, పల్లెల్లో బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే మోటారు వాహన తనిఖీ అధికారి విచక్షణే తుది మాటగా మారుతోంది. ఒకచోట జరిమానా, మరొకచోట చూసీచూడని వైఖరి తప్పడం లేదు.

ఇదే చట్టం పెట్రోలు బండికి ఆమోదం పొందిన గ్యాస్ కిట్ బిగించుకునేందుకు దారి చూపింది. కిట్ బిగించి, తనిఖీ చేయించి, ఆర్‌సీలో రాయించుకోవచ్చు. స్ప్రింగులకు అటువంటి దారి ఏర్పరచలేదు. జర్మనీలో ధ్రువీకరణ పత్రంతో అమ్మే స్ప్రింగులు బిగించుకుని, నిపుణుల తనిఖీ తర్వాత బండి పత్రాల్లో నమోదు చేయించుకునే విధానం ఎంతోకాలంగా అమలులో ఉంది. అక్కడి పాత ఫోక్స్‌వ్యాగన్ వ్యాన్ల యజమానులు ఆ దారిలోనే వెళుతున్నారు. ఇక్కడ దారి మూసేసినందువల్ల మోజు ఆగలేదు. పని నాణ్యతను పరీక్షించే అవకాశం మాత్రం లేకుండా పోయింది. పొట్టి షాక్ అబ్జార్బర్లు వేయించుకున్నవాడూ, గ్యాస్ కట్టర్‌తో కాల్పించినవాడూ చట్టం ముందు ఒకటే అయితే ఖర్చు పెట్టి సక్రమంగా చేయించుకోవాలనే ఆలోచన ఎవరికి పుడుతుంది?

బీమా విషయంలోనూ ఇబ్బంది లేకపోలేదు. మార్పును సంస్థకు తెలియజేయకపోతే సొంత బండి నష్టం కింద చేసుకునే క్లెయిమ్‌ను తిరస్కరించేందుకు అది సాకుగా మారవచ్చు.

ముందున్నది 2034

పాత బండి ఉంచుకోవడం నానాటికీ భారమవుతోంది. పదిహేనేళ్లు దాటిన కారు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ రుసుమును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. 2025 ఆగస్టులో ఇరవై ఏళ్లు పైబడిన వాటికి దానిని 10,000 చేశారు. 2005కు ముందు నాటి ఓమ్నీలన్నీ ఇప్పటికే ఈ కోవలోకి చేరాయి. ఇంత భరించి బండిని కాపాడుకునేవారికి ముందు ఒక ఆశ ఉంది.

కేంద్రం 2021 జూలైలో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు దాటి, సొంత అవసరానికే వాడిన వాహనాలకు ‘వీఏ’ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. రుసుము 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. ప్రదర్శనలు, ర్యాలీలు, మరమ్మతులు, ఇంధనం వంటి అవసరాలకు తప్ప వాటిని రోడ్డుపై మామూలుగా నడపరాదు. 1984లో రిజిస్టరైన తొలి మారుతీ వ్యాన్లు 2034లో ఈ అర్హత వయసుకు చేరతాయి.

అయితే వయసొక్కటే చాలదు. బండి అసలు రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజిన్లలో పెద్ద మార్పులు జరిగి ఉండరాదన్నది షరతు. స్ప్రింగుల పేరు ఇందులో ప్రత్యేకంగా లేదు. కానీ ఎత్తు బాగా దించిన వ్యాన్లలో చక్రం తగలకుండా లోపలి రేకును కోయడం, ఇరుసుకు చోటు కోసం అడుగు భాగాన్ని గ్రైండర్‌తో తొలచడం మామూలైంది. ఓమ్నీకి లారీలా విడి ఛాసిస్ లేదు, బాడీయే ఛాసిస్. అక్కడ పడిన కోత నేరుగా షరతును తాకుతుంది. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్ల వరకే పరిమితమైన మార్పును పాత సామానుతో సరిచేసుకునే వీలుంటుంది. కోసిన రేకును మళ్లీ అతికించినా వెల్డింగ్ మచ్చ దాగదు. దరఖాస్తు చేసినప్పుడు బండిని పరిశీలించి అర్హత తేల్చేది రాష్ట్ర స్థాయి కమిటీ. ఆ కమిటీ ముందు బండి అడుగు భాగాన్నీ చూపించవలసి ఉంటుంది.