బండి మనది, మాన్యువల్ వాళ్లదంట!

పిడుగురాళ్లలో ఎండాకాలం కారు ఏసీ చెడితే పడే తిప్పలు బయటూరోళ్లకి చెప్పినా అర్థం కాదు. అద్దం దించితే సున్నం దుమ్ము, ఎత్తితే ఉడుకు. నార్కెట్‌పల్లి–అద్దంకి రోడ్డు మీద ముందు లారీ పోతంటే, అది లేపిన దుమ్మంతా మన బండి బ్లోయరు పీల్చుకుంటది. ఫిల్టరు పూడుకుపోద్ది. ఫిల్టరు దాటిన పొడి పోయి లోపలున్న కూలింగ్ కాయిల్ మీద కూర్చుంటది. ఏసీ నడిచినంతసేపు ఆ కాయిల్ చెమర్చే ఉంటది. సున్నం తడిస్తే ఏమవుద్దో బట్టీల మజ్జన పెరిగినోళ్లకి ఎవురూ చెప్పక్కర్లా. కాయిల్ చేసేది అల్యూమినియంతో. అల్యూమినియానికీ తడి సున్నానికీ పడదు, మెల్లగా తినేస్తది. సన్న చిల్లు పడితే గ్యాసు పోద్ది. గ్యాసు నింపించుకుంటే పది రోజులు చల్లగా ఉంటది, మళ్లా కథ మొదటికే.

అసలు తంటా ఆ కాయిల్ ఉన్న చోటుతో. కొన్ని పాత బండ్లలో గ్లోవ్‌బాక్సు తీస్తే కింద నుంచి చేతికొచ్చుద్ది. ఇప్పటి బండ్లలో చానావాటికి డాష్‌బోర్డు మొత్తం ఊడదీయాల్సిందే. కాయిల్ రేటు కంటే ఊడదీసి బిగించే కూలే ఎక్కువయ్యే ఇచిత్రం ఇక్కడే జరుగుద్ది.

నా పాత కారుకి ఈ రోగమే వచ్చుద్దనుకోలా, వచ్చింది. ఒక సర్వీసు సెంటరుకి తీసకపోయా. పేరు అనవసరం. కాయిల్ ఒక్కటే మార్చం, లోపలి ఏసీ పెట్టె మొత్తం మార్చాలన్నారు. సరే, డాష్‌బోర్డు ఎట్టా తీస్తారో ఆ పుస్తకం ఒకసారి చూపియ్యండయ్యా అంటే, "అది బయటికి ఇయ్యం సార్" అన్నాడు కౌంటరు మీద కుర్రోడు. వాడి తప్పేం లేదు, వాడికి పైనోళ్లు చెప్పింది చెప్పాడు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది. బండికి డబ్బులు కట్టింది నేను, ఫైనాన్స్ కంతులు తీర్చింది నేను. దాన్ని ఎట్టా ఇప్పాలో రాసిన కాయితం నాకు చూపియ్యరంట!

మా బజార్లో షెడ్డు నడిపే తమ్ముడితో కలిసి రెండు ఆదివారాలు కూర్చుని ఊడదీశాం. మీలో చానామంది వీడియోలు చూసి ఇదే పనికి దిగుతున్నారు కాబట్టి పని ఎట్టా ఉంటదో కొంచెం చెప్తా. ముందు గ్యాసు మిషను ఉన్న ఏసీ షాపులో గ్యాసు లాగించుకోవాలి. నట్టు వదులు చేసి గాల్లోకి వదలొద్దు. మన బండ్లలో ఎక్కువగా ఉండే ఆర్-134ఏ గ్యాసు కార్బన్ డయాక్సైడ్ కంటే వెయ్యి రెట్లకి పైగా భూమిని వేడెక్కిస్తది, చేతి మీద పడితే చర్మం గడ్డకట్టుద్ది. ఇంజను చల్లారినాక హీటరు గొట్టాల నీళ్లు తీయాలి. చక్రాలు తిన్నగా పెట్టుకుని బ్యాటరీ మైనస్ తీయాలి. ఆ తర్వాత సీట్ల మజ్జన కన్సోలు, స్టీరియో, మీటరు, అద్దం పక్కన పట్టీలు, గ్లోవ్‌బాక్సు, ఆఖరికి డాష్‌బోర్డు. స్క్రూడ్రైవరుతో పెకిలిస్తే ప్లాస్టిక్ మీద గాట్లు పడతయ్, ప్లాస్టిక్ పుల్లలు దొరుకుతయ్, అయ్యి వాడాలి. ఏ స్క్రూ యాడిదో కోడిగుడ్ల అట్టలో వరసగా ఏసుకుంటే గుర్తుంటది. ప్రతి వైరూ పీకేముందు సెల్‌ఫోన్లో ఫొటో. మాకు దారి చూపిన మాన్యువల్ ఆ ఫొటోలే.

ఇందులో ప్రాణం మీదకొచ్చే ముక్క ఒకటుంది, ఎయిర్‌బ్యాగు. 2019 జులై 1 నుంచి తయారైన కార్లన్నిటికీ డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి చేశారు. 2021 ఏప్రిల్ 1 నుంచి కొత్త మోడళ్లకి పక్క సీటు వైపు కూడా. ఆ రెండోది ఉండేది డాష్‌బోర్డులోనే. పసుపు రంగు కనెక్టరు కనపడితే అది ఎయిర్‌బ్యాగుదని గుర్తు. బ్యాటరీ పీకినా లోపల కాసేపు కరెంటు నిలవ ఉంటది. ఎంతసేపు ఆగాలో ఒక్కో కంపెనీ ఒక్కో లెక్క చెప్పుద్ది, తొంభై సెకన్ల నుంచి కొన్ని నిమిషాల దాకా. పది నిమిషాలు ఆగితే మనకి పోయేదేం లేదు. ఆ వైర్లకి మీటరు పెట్టి చూడటం లాంటి ప్రయోగాలు మాత్రం వద్దు.

ఇక్కడే కంపెనీలోళ్లు ఒక వాదన ఎత్తుకుంటారు. ఎయిర్‌బ్యాగులు ప్రమాదం, అందుకే బయటోళ్లకి సమాచారం ఇవ్వమంటారు. నాకు ఇది తలకిందుల వాదనగా కనపడుద్ది. షెడ్డులో పిల్లోడు ఎట్టాగూ ఆ పని చేస్తాడు, పొట్ట కోసం చేయక తప్పదు. ప్రమాదమైన పని కాబట్టే ఎన్ని నిమిషాలు ఆగాలో, ఏ కనెక్టరు ముందు తీయాలో రాసిన కాయితం వాడి చేతిలో ఉండాల. కరెంటు తీగ ప్రమాదమని ఫ్యూజు యాడుందో దాచిపెడతామా?

ఈ గొడవ మీద తీర్పు వచ్చి పదేళ్లు దాటింది. శంషేర్ కటారియా అనే ఆయన 2011లో కాంపిటీషన్ కమిషన్‌కి ఫిర్యాదు పెడితే, 2014 ఆగస్టు 25న కమిషన్ ఆర్డరు ఇచ్చింది. మారుతి, టాటా, మహీంద్రా, హోండా, టయోటాతో కలిపి 14 కంపెనీలకి సుమారు 2,544 కోట్ల జరిమానా ఏసింది. విడి భాగాలు, లోపం పట్టే మిషన్లు బయటి మెకానిక్కులకీ దొరికేట్టు చేయమంది. బయట రిపేరు చేయించినంత మాత్రాన వారంటీ మొత్తం రద్దనే షరతు పెట్టొద్దంది. ఆ బయటి పని వల్లే చెడిపోయిన భాగం వరకే కాదనొచ్చు. కంపెనీలు కోర్టులకెక్కినయ్. మన షెడ్డు కుర్రోళ్లకి ఆ ఆర్డరు ఉందనే తెలియదు.

తర్వాత 2022 జులైలో కేంద్రం రిపేరు హక్కు మీద కమిటీ ఏసింది. వ్యవసాయ పనిముట్లు, సెల్‌ఫోన్లు, ఇంటి సామాను, బండ్లు అని నాలుగు రంగాలు పెట్టుకున్నారు. అదే ఏడాది డిసెంబరు 24న ఒక పోర్టల్ తెరిచారు. చట్టమైతే రాలా. 2025 మేలో రిపేరుకి ఎంత అనువో వస్తువులకి మార్కులిచ్చే పద్ధతి మీద ఇంకో కమిటీ రిపోర్టు ఇచ్చింది, అందులో మొదటి వరస సెల్‌ఫోన్లది. బండ్ల వంతు వెనకే. 2025 సెప్టెంబరు 22 నుంచి విడి భాగాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గించామని ఊరంతా ఫ్లెక్సీలు కట్టారు. తగ్గింది మంచిదే. కానీ తగ్గింది భాగం మీద, మన జేబుకి చిల్లు పెట్టేది ఊడదీసే గుట్టు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం జనం 2012లోనే ఓట్లేసి బండ్ల రిపేరు హక్కు చట్టం తెచ్చుకున్నారు, 2020లో మళ్లా ఓట్లేసి దాన్ని గట్టి చేసుకున్నారు. అక్కడ షెడ్డోళ్లు, విడి భాగాల దుకాణాలోళ్లు కలిసి నిలబడ్డారు కాబట్టి అయింది. మన దగ్గర షెడ్డోళ్లకి పాలిటిక్సులో ఓ గొంతు ఉందా?

మేం డాష్‌బోర్డు బిగించి బ్యాటరీ తగిలిస్తే ఏసీ పన్జేసింది. మా తమ్ముడు అదే పని పక్కింటోళ్ల 2022 మోడలుకి చేస్తే బిగింపంతా సరిగ్గా ఉన్నా ఎయిర్‌బ్యాగు లైటు ఆరలా. వాడి దగ్గరున్న నీలం రంగు స్కానరు ఇంజను కోడ్లే చదువుద్ది, ఎయిర్‌బ్యాగు పెట్టెతో మాట్లాడదు. ఆ ఒక్క లైటు ఆర్పించటానికి బండి మళ్లా షోరూముకే పోయింది. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు చదివినోడు కూడా ఈ గోడ కాడే ఆగిపోతన్నాడు. ఏళ్లు గడిచేకొద్దీ రోడ్డు మీద కొత్త బండ్లు పెరుగుతయ్, షెడ్డు ముందు ఆగేవి తగ్గుతయ్.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, ఈసారి సర్వీసు సెంటరోళ్లు భాగం అమ్మం, బయట చేయిస్తే వారంటీ మొత్తం పోద్ది అంటే ఆ ముక్క బిల్లు మీద రాసి సంతకం పెట్టమనండి. చానామంది రాయరు. రాస్తే ఫొటో తీసుకుని 1915కి ఫోన్ చేయండి, అది కేంద్రం వినియోగదారుల హెల్ప్‌లైను. 2014 ఆర్డరు పేరు చెప్పి మాట్లాడండి. మీ ఊరి షెడ్డులో దాని కాపీ ఒకటి గోడకి అతికించి రండి, ఇంగ్లీషులో ఉన్నా పర్లేదు, తేదీ మాత్రం పెద్ద అక్షరాల్లో రాయండి.