పెట్టె సోదాయా, మనస్సు సోదాయా?

దేశాంతరమునుండి వచ్చు ప్రయాణికుని పెట్టె తెరచి చూచుట సకల ప్రభుత్వములకును పూర్వమునుండి గల అధికారమే. దొంగబంగారమో, నల్లమందో, ఆయుధమో లోనికి రాకుండ కాపాడుట సుంకపు అధికారుల విధి. దీనిని మేము కాదనుట లేదు. కాని నేడు అమెరికా విమానాశ్రయములలో పెట్టెతోపాటు ప్రయాణికుని ఫోను గూడ తెరువబడుచున్నది. ఈ రెండింటికిని గల భేదమును గుర్తింపనిచో జరుగుచున్న అన్యాయము మనకు బోధపడదు.

పెట్టెలో నేమున్నది? నాలుగు జతల బట్టలు, తల్లి కట్టియిచ్చిన కారప్పొడి, ఆవకాయ సీసా. ఫోనులో నేమున్నది? భార్యతో నాడిన మాటలు, వైద్యుని చీటీలు, బ్యాంకు లెక్కలు, చెల్లెలి పెండ్లి ఛాయాపటములు, మిత్రులతో రాజకీయములపై చేసిన వాదములు, ఇన్నేండ్లుగ నెచటెచట తిరిగెనో ఆ జాడలు. పూర్వకాలమున నే మానవుడును తన యింటి బీరువాలన్నిటిని నెత్తిన పెట్టుకొని ఓడ యెక్కలేదు. నేడెక్కుచున్నాడు. పైగా ఆ బీరువాలలో నున్నవన్నియు అతని సొత్తు గావు. తెనాలిలోనో కరీంనగరములోనో ఇంటిపట్టుననున్న తల్లి వ్రాసినవియు నందున్నవి. ఆమె ఏ సరిహద్దును దాటలేదు, ఏ యధికారి యెదుటను నిలువలేదు. అయినను ఆమె మాటలు పరదేశోద్యోగి కంటబడుచున్నవి.

అమెరికా సుప్రీంకోర్టు ఈ భేదము నెరుగక పోలేదు. నిర్బంధింపబడిన వాని ఫోనునైనను వారంటు లేనిదే పోలీసులు శోధింపరాదని 2014లో రైలీ కేసునందు న్యాయమూర్తు లేకగ్రీవముగ తీర్పు చెప్పిరి. వీధిలో పట్టుబడిన నిందితునికి దొరకిన ఈ రక్షణ, ఏ నిందయు లేక విమానము దిగిన విద్యార్థికి దొరకుటలేదు! సరిహద్దునొద్ద వారంటు అక్కరలేదను పాత సూత్రమును అచటి ప్రభుత్వము ఫోనులకును వర్తింపజేయుచున్నది. 2018 జనవరిలో సరిహద్దుశాఖ వెలువరించిన యుత్తర్వు సోదాలను రెండు తెగలుగ విభజించినది. అధికారి ఫోనును చేతబట్టి త్రిప్పి చూచుట మొదటిది; దీనికి అనుమానమైనను అక్కరలేదు. యంత్రమునకు తగిలించి లోనిదానిని పరిశీలించి నకలు తీయుట రెండవది. దీనికి సహేతుకమైన అనుమానమో, దేశభద్రతా కారణమో యుండవలెను. ఫోనులో నిలిచియున్నదానినే చూడవలెనుగాని దూరపు యంత్రములలో దాచినదానిని లాగరాదనియు నందు గలదు. కొంత మేలే. కాని యిది ఆ శాఖవారు తమ చేతులకు తామే వేసికొన్న సంకెల. తాళపుచెవియు వారి మొలలోనే యున్నది.

2017 ఆర్థిక సంవత్సరమున సుమారు 30,000 శోధనలు జరుగగా 2024 నాటికవి 47,000కు మించినవి. కోట్లకొలది ప్రయాణికులలో నిది అత్యల్పమని ఆ శాఖ సమాధానము. పదివేలమందిలో సుమారొక్కరే యనుట నిజమే. కాని భయము లెక్కలనుబట్టి పుట్టదు. చదువు నిమిత్తము మరల అమెరికాకు బోవుచున్న యువకుడొకడు మొన్న మా కార్యాలయమునకు వచ్చి, రెండేండ్ల సంభాషణలను తన చేతితో తానే చెరిపివేసితినని చెప్పెను. వానిలో నేరమేమైన నుండెనా యని యడిగితిమి. ఏమియు లేదట! ఎవరికేమి తోచునో యను సందేహమట. అధికారి తాకకముందే సోదా ముగిసినది.

తీసిన నకళ్ల గతి యేమి? వానిని 15 సంవత్సరములు నిలువయుంచుచున్నారనియు, సుమారు 2,700 మంది యుద్యోగులు వారంటు లేకయే వానిని చూడవచ్చుననియు సెనేటరు రాన్ వైడెన్ 2022లో బయటపెట్టెను. న్యాయస్థానము లేకమాటపై లేవు. 2021లో బోస్టనునందలి అప్పీలుకోర్టు ప్రభుత్వమును సమర్థించినది. 2023లోను 2024లోను న్యూయార్కునందలి ఇరువురు జిల్లా న్యాయమూర్తులు వారంటు కావలసినదే యనిరి. ప్రయాణికుని హక్కు అతడు దిగు రేవునుబట్టి మారునట్లున్నది.

ఆ దేశపు పౌరుడు పాస్‌వర్డు చెప్పనన్నను అతని ఫోనును పట్టి యుంచగలరే గాని, అతనిని లోనికి రానీయక తప్పదు. వీసాపై పోవు మనవానిని తిరుగుటపాలో వెనుకకు పంపవచ్చును. తండ్రి పొలము తాకట్టుపెట్టి పంపిన బిడ్డ ఆ బల్లయెదుట కాదనగలడా? ఇక సరిహద్దు మన గుమ్మమునకే నడచివచ్చినది. 2025 జూనునుండి విద్యార్థులును, ఆ యేటి డిసెంబరు 15 నుండి హెచ్-1బి యుద్యోగులును, వారిపై నాధారపడినవారును తమ సాంఘిక మాధ్యమముల వ్రాతలను అందరికిని కనబడునట్లుంచవలెనని అమెరికా విదేశాంగశాఖ విధించెను.

ఆంధ్రుల కిట్టి సోదాలు క్రొత్తవి గావు. 1913లో శాన్‌ఫ్రాన్సిస్కోనందు పుట్టిన గదర్ పత్రిక ఇచటికి రాకుండ నాటి పరప్రభుత్వము 1878 నాటి సముద్ర సుంకముల చట్టమునే ప్రయోగించెను. ఆ గదర్ పక్షమున జేరిన దరిశి చెంచయ్య తెలుగువాడే. సుంకము వసూలుకై చేసిన శాసనము ఆలోచనలను పట్టు వలగా మారుటను మన పెద్దలు కన్నులార చూచిరి.

మన యింటి సంగతియు నిచట చెప్పకతప్పదు. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగష్టు 24వ తేదీన పుట్టస్వామి కేసులో తొమ్మండుగురు న్యాయమూర్తులు తీర్పుచెప్పిరి. నాలుగేండ్లు తిరిగి 2021 అక్టోబరు వచ్చునప్పటికి హైదరాబాదు వీధులలో పోలీసులు బాటసారుల నాపి, ఫోను సంభాషణలలో గంజాయి యను మాటకై వెదకుచుండిరి! ఇంట నిట్లుండగా పొరుగువారిని నిలదీయుటకు మన ప్రభుత్వమునకు నోరెట్లు వచ్చును?

కావున మేము కోరునది రెండు తావులయందును ఒక్కటియే. న్యాయాధికారి వ్రాతపూర్వకముగ నిచ్చిన యాజ్ఞ లేనిదే ఏ ఫోనును విప్పరాదు. భారత ప్రభుత్వము ఈ నియమమును ముందు తన పోలీసులకును సుంకపుశాఖకును విధించి, పిదప అమెరికాతో జరుపు సంభాషణలలో దీనిని ప్రస్తావింపవలెను. మన పౌరులెందరి ఫోనులు అచట శోధింపబడినవో, ఎందరు వెనుకకు పంపబడిరో ఆ లెక్క మన విదేశాంగశాఖ యొద్ద నున్నదా? ఉన్నచో ప్రకటింపవలెను, లేనిచో సేకరింపవలెను. రానున్న పార్లమెంటు సమావేశములో ఆంధ్ర, తెలంగాణ సభ్యులు మొదట నీ ప్రశ్న వేయుదురుగాక.