ఖాళీ పీఠం మీద ఎవరు?

ఇటలీ యాత్రికుల కోసం రాసిన గైడు పుస్తకాలు అరడజను నా బల్ల మీద ఉన్నాయి. పాదువా నగరం దగ్గరికొచ్చేసరికి అన్నీ ఒకే దారిలో నడిపిస్తాయి. జొత్తో కుడ్యచిత్రాలున్న స్క్రోవేన్యి ప్రార్థనాలయం, సెయింట్ ఆంథొనీ బసిలికా, 1545 నాటి వృక్షశాస్త్ర ఉద్యానం, విశ్వవిద్యాలయ భవనం పాలాజ్జో బోలో గెలీలియో పాఠం చెప్పాడనే చెక్క వేదిక, చివరికి ప్రాతో దెల్లా వాల్లె అనే విశాలమైన చౌక్. అక్కడ కాలవ కిరువైపులా 78 విగ్రహాలు, సాయంత్రం ఫొటోలకి బావుంటుందని రాస్తారు. ఆ 78 మందీ మగవాళ్ళేనని మాత్రం ఏ పుస్తకమూ రాయలేదు. రాయాల్సినంత వింతగా తోచలేదు కాబోలు.

వెతికితే ఒక స్త్రీ దొరుకుతుంది. శిల్పి ఆంద్రేయా బ్రియోస్కో విగ్రహం పాదాల దగ్గర ఒక చిన్న శిల్పం, తలా భుజాలూ మాత్రమే. ఆమె గాస్పరా స్తాంపా. పదహారో శతాబ్దంలో అదే ఊళ్ళో పుట్టిన కవి. 1554లో ఆమె చనిపోయాక కవితల్ని పుస్తకంగా తెచ్చింది తోబుట్టువు కసాంద్రా. ఒక స్త్రీ రాసింది బతకడానికి మరో స్త్రీ పూనుకోవలసి రావడం మనం ఎరిగిన కథే. అలాంటి కవికి ఆ చౌక్‌లో దొరికిన చోటు ఒక మగవాడి కాళ్ళ దగ్గర!

నా కోపం ఇంతటితో ఆగేది కాదు. అదే పాదువాలో, 1678 జూన్ 25న, ఎలెనా లుక్రేజియా కొర్నారో పిస్కోపియా అనే స్త్రీ డాక్టరేట్ పుచ్చుకుంది. ఒక విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందిన మొదటి స్త్రీగా చరిత్ర ఆమెనే చెబుతోంది. ఆమె అడిగింది వేదాంతశాస్త్రంలో. బిషప్ గ్రెగోరియో బార్బరీగో ఒప్పుకోలేదు. ఆడది వేదాంత పండితురాలు కావడమా? చివరికి తత్త్వశాస్త్రంతో సరిపెట్టారు. చూడ్డానికి జనం విరగబడడంతో పరీక్షని కెథీడ్రల్‌కి మార్చారు. అరిస్టాటిల్ మీద లాటిన్‌లో మాట్లాడి గెలిచింది. ఉంగరం తొడిగారు, తలమీద లారెల్ ఆకుల కిరీటం పెట్టారు. ఆ తర్వాత అదే విశ్వవిద్యాలయంలో ఒక ప్రొఫెసర్ కూతురు తనకీ అవకాశం ఇమ్మని అడిగితే కుదరదన్నారు. ఇటలీలో మరో స్త్రీకి, బొలోన్యాలో లౌరా బస్సీకి, డాక్టరేట్ రావడానికి 1732 దాకా ఆగాల్సి వచ్చింది. కాదన్న బిషప్‌ని 1960లో సెయింట్‌ని చేశారు.

ఆ జనం ఎందుకొచ్చారా అని ఆలోచిస్తాను. పాండిత్యం వినడానికా, వింత చూడ్డానికా? నా వైవా ముగిశాక బయటినుంచి వచ్చిన ఒక పరీక్షకుడు, "ఇంకేమ్మా, ఇక పెళ్ళి చేసుకోవచ్చు" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వుకి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

2021 చివర్లో పాదువా నగరపాలక సభ్యులిద్దరు ప్రాతోలో ఖాళీగా ఉన్న పీఠాలలో ఒకదాని మీద ఎలెనా విగ్రహం పెడదామన్నారు. పెద్ద దుమారం లేచింది. వారసత్వ సంపదని ముట్టుకోకూడదన్నారు. పద్ధెనిమిదో శతాబ్దపు రూపాన్ని చెడగొట్టవద్దన్నారు. మరి ఆ పీఠాలు ఖాళీ ఎలా అయ్యాయి? 1797లో నెపోలియన్ సైన్యం వచ్చినప్పుడు వెనిస్ పాలకుల విగ్రహాలు పగలగొట్టారు. కొన్ని పీఠాల మీద తర్వాత రాతి స్తంభాలు నిలబెట్టారు. అంటే ఆ చౌక్ రూపం ఇదివరకే మారింది. సైన్యం మారిస్తే చరిత్ర, స్త్రీ పేరు చెప్పి మారిస్తే అపచారం! రాయికి ఇవ్వగలిగిన చోటు ఆమెకి ఇవ్వలేరా?

మరో వాదన, బో భవనంలో మెట్ల దగ్గర ఆమె విగ్రహం ఎలాగూ ఉంది కదా అని. ఉంది. లోపల, మెట్ల కింద. ఇంట్లో ఉందిగా, వీధిలోకి ఎందుకు అన్నట్టే ఉందీ మాట.

మనవాళ్ళే అడిగే ప్రశ్న ఒకటుంది, దాన్ని మాత్రం తోసిపుచ్చలేను. ఎలెనా వెనిస్ ప్రభువంశపు బిడ్డ, తండ్రి పెద్ద పదవిలో ఉన్నవాడు. ఆమె చదువు వెనక తండ్రి ప్రతిష్ఠ కాంక్ష ఉంది. తల్లి జానెత్తా బోనీ మాత్రం పేదింటి మనిషి. ఆ తల్లి ఏ పీఠం మీదకీ రాదు, ఏ జాబితాలోకీ ఎక్కదు. నిజమే. అయితే ఈ ప్రశ్న గెలీలియోని ఎవరూ అడగరు. మగవాడు ప్రతిభతో పీఠమెక్కుతాడు. ఆడమనిషి మాత్రం తన వర్గానికీ తండ్రికీ కూడా లెక్క చెప్పి ఎక్కాలి. నాకు తల్లి కథా కావాలి, కూతురి విగ్రహమూ కావాలి. ఒకటి చూపించి రెండోది ఎగ్గొట్టడానికి ఒప్పుకోను.

గైడు పుస్తకాల వాళ్ళని నేనడిగేది కొత్త పుస్తకం కాదు, రెండు వాక్యాలు. ప్రాతోలోని 78 విగ్రహాలలో ఒక్క స్త్రీ లేదని ఒకటి. ఆ చౌక్ అంచునే ఉన్న సాంతా జుస్తీనా చర్చిలో, 38 ఏళ్ళకే 1684లో కన్నుమూసిన ఎలెనా సమాధి ఉందని రెండోది. అక్కణ్ణించి బయటికొస్తే ఎదురుగా విగ్రహాలు కనిపిస్తాయి. యాత్రికులు ఈసారి వాటిని అటునుంచి చూడాలి.