సంపాదకుని మాట: ఎండ కాదు, వెలుగు

రోహిణి కార్తెలో రోళ్లు పగిలే ఎండ కాస్తుంటే మేడ మీది సోలార్ పలకలకు పండగే అనుకుంటాం. వాటికి కావలసింది వెలుగు, వేడి కాదు. సిలికాన్ పలక 25 డిగ్రీలు దాటి వేడెక్కేకొద్దీ డిగ్రీకి సుమారు 0.3 నుంచి 0.4 శాతం చొప్పున ఉత్పత్తి పడిపోతుంది. మన వేసవి మధ్యాహ్నాల్లో పలక వేడి 60 డిగ్రీలకు చేరడం మామూలే. పలకకూ శ్లాబుకూ మధ్య గాలి ఆడే జాగా వదిలేది అందుకే.

వెలుగు తగిలి ఎలక్ట్రాన్లు కదిలితే పుట్టేది డీసీ కరెంటు. ఇన్వర్టర్ దాన్ని ఏసీగా మార్చి ఫ్యాన్లకూ ఫ్రిజ్‌కూ ఇస్తుంది. మిగిలింది నెట్ మీటర్ గుండా వీధి లైన్లోకి పోతుంది. మొత్తం ఉత్పత్తి కిలోవాట్‌కు రోజుకు నాలుగు యూనిట్లు, కాస్త అటూ ఇటూగా.

మా ఇంట్లో పెట్టించిన కొత్తలో ఓ మధ్యాహ్నం ఊళ్లో కరెంటు పోతే మా ఫ్యాను కూడా ఆగింది. "ఇంత ఎండ పెట్టుకుని ఇదేం చోద్యంరా!" అంది అమ్మ. లైను మీద మరమ్మతు చేసే మనిషికి షాక్ కొట్టకూడదని, బ్యాటరీ లేని ఇన్వర్టర్ తనంతట తానే ఆగిపోతుంది. అమ్మేవాళ్లు ఈ మాట ముందు చెప్పరు, రాయితీ లెక్క మాత్రం తడుముకోకుండా చెబుతారు.

ఈ సంచికలో ముఖచిత్ర కథనం ఆ చెప్పని మాటల గురించే.